గిఫ్టు కార్డు ఇస్తారట, లాప్‌టాప్ మాత్రం ఇవ్వరట!

అమెరికా వచ్చిన కొత్తలో మనందరికీ ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది. "ఇక్కడ రిపేర్లూ గట్రా ఉండవమ్మా, పాడైతే పారేసి కొత్తది కొనుక్కోవడమే." అది పూర్తిగా నిజం కాదు. పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుల్లో వెనక గోడ దగ్గర రిపేర్ల కోసం ఒక కౌంటరే ఉంటుంది. కంప్యూటర్ ముందు ఒక అబ్బాయో అమ్మాయో నవ్వుతూ నిలబడి ఉంటారు. లేనిదల్లా ఒక్కటే. మన వస్తువు విప్పి చూసే మనిషితో మనం మాట్లాడే వీలు.

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర సీటీసీకి వెళ్ళిన వాళ్ళకి తెలుసు. స్క్రూలు విప్పేవాడూ, డబ్బు తీసుకునేవాడూ ఒకడే. మన ముందే మూత తీసి, దుమ్ము ఊది, "అక్కా, బోర్డులో పవర్ లైన్ పోయింది, రేపు సాయంత్రం రండి" అంటాడు. రేపంటే ఎల్లుండి, అది వేరే సంగతి. కానీ ఏం పోయిందో చెప్పే మనిషి ఎదురుగా ఉంటాడు, బేరం ఆడొచ్చు, కోప్పడొచ్చు. ఇక్కడ కౌంటర్‌లో ఉన్న పిల్లాడు టికెట్ రాస్తాడంతే. విప్పే చోటు ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. మనం అదనంగా డబ్బు కట్టి తీసుకున్న ప్రొటెక్షన్ ప్లాన్ నడిపేది చాలాసార్లు వేరే కంపెనీ. వస్తువు తయారు చేసింది ఇంకో కంపెనీ. కోపం వస్తే ఎవరి మీద పడాలో కూడా తెలియదు.

పోయిన ఏడాది మా లాప్‌టాప్ విషయంలో ఇదంతా నాకు అనుభవంలోకి వచ్చింది. షాపు పేరు అనవసరం, మీ ఊళ్ళోనూ అలాంటివి ఉన్నాయి. మేముండేది కాలిఫోర్నియా, ఫ్రీమాంట్‌లో. ఒక ఉదయం లాప్‌టాప్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కొని రెండేళ్ళు కాలేదు, మూడేళ్ళ ప్లాన్ ఉంది. కాబట్టి ఖర్చు గురించి బెంగ లేదు. బెంగంతా లోపల ఉన్నవాటి గురించి. మా అత్తగారు ఆర్నెల్లు మా దగ్గర ఉన్నప్పుడు వంటింట్లో ఆవిడ మాట్లాడుతుంటే నేను వీడియోలు తీశాను. ఆవకాయకి మెంతిపిండి ఎంతో, గోంగూర ఎంతసేపు ఆరాలో, మధ్యలో వాళ్ళ పెద్ద ఆడపడుచు మీద చాడీలు. నలభై పైచిలుకు వీడియోలు. ఫోన్ నిండిపోయిందని వాటిని లాప్‌టాప్‌లోకి మార్చి వారం కూడా కాలేదు. ఆవిడ గుంటూరు తిరిగి వెళ్ళిన నాలుగో నెలలో పోయారు.

కౌంటర్ దగ్గర మొదటి అడ్డు లాప్‌టాప్ గురించి కాదు, నా గురించి. కొన్నది నా కార్డుతో. కానీ షాపు మెంబర్‌షిప్ మావారి ఫోన్ నంబర్ మీద ఉంది, ప్లాన్ కూడా ఆయన పేరు మీదే రాసేశారు. "అకౌంట్ ఆయనది కదా, ఆయనతోనే మాట్లాడాలి" అన్నాడు ఆ అబ్బాయి, మర్యాదగానే. వాడుకునేది నేను, పోయింది నాది, ఎదురుగా నిలబడింది నేను. మావారికి ఫోన్ చేసి, మీటింగులోంచి బయటికి రప్పించి, ఆయన చేత "ఆవిడతో మాట్లాడండి" అనిపించాక గానీ టికెట్ కదల్లేదు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన చాలామందికి ఇది కొత్త కాదు. బ్యాంకులో, కరెంటు ఆఫీసులో, చివరికి మిక్సీ వారంటీలో కూడా మనం "ఆయన భార్య"మే.

రెండో అడ్డు ఫారం. అడుగున చిన్న అక్షరాల్లో, డేటా పోతే తమకు బాధ్యత లేదని ఉంది. లోపలున్నది కాపాడమని టికెట్‌లో రాయమన్నాను, రాశాడు. ఆ తర్వాత పసుపు స్టిక్కర్ ఒకటి తీసి, లాప్‌టాప్ పాస్‌వర్డ్ దాని మీద రాసి మూత మీద అంటిస్తానన్నాడు. ఆన్ కాని యంత్రానికి పాస్‌వర్డ్ ఎందుకని అడిగితే, "అందరూ ఇస్తారు" అన్నాడు. నేను ఇవ్వలేదు.

అనుమానం ఎక్కువ అనుకోకండి. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లోపల నిఘా పెట్టిన లాప్‌టాప్‌లను అంటారియోలోని 16 రిపేరు షాపులకి ఇచ్చి చూశారు. 2022లో బయటికొచ్చిన ఆ ఫలితాల్లో, రికార్డు దొరికిన 12 చోట్లలో ఆరింట టెక్నీషియన్లు సొంత ఫైళ్ళు తెరిచి చూశారు. రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. ఆడవాళ్ళవిగా కనిపించిన కంప్యూటర్లలోనే ఇది ఎక్కువ జరిగింది. వాటికి కావలసిన రిపేరుకి సొంత ఫైళ్ళు తెరవాల్సిన అవసరమే లేదు. ఫోన్లకైతే ఇప్పుడు కొంత నయం. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అది ఆన్ చేసి ఇస్తే బాగుచేసేవాళ్ళకి ఫోన్ పనిచేస్తుంది, మన ఫోటోలూ మెసేజీలూ మాత్రం కనిపించవు. సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, ఇవాళే ఒకసారి వెతికి చూసుకోండి.

ఇక ఎదురుచూపులు. రెండు వారాలన్నారు. మూడో వారం "పార్టు రావాలి" అని మెసేజ్. ఐదో వారం కూడా అదే మెసేజ్, తేదీ మాత్రం మారింది. ఫోన్ చేస్తే మిషనే మాట్లాడుతుంది. మనిషి దొరికితే నా పేరు స్పెల్లింగ్ చెప్పడానికే ఐదు నిమిషాలు. నాలుగుసార్లు షాపుకి వెళ్ళాను. నాలుగుసార్లూ కొత్త మొహం, మొదటినుంచీ కథ. ఆరో వారం మావారి ఈమెయిల్‌కి శుభవార్తలా ఒక ఉత్తరం వచ్చింది. లాప్‌టాప్ బాగుచేయడం కుదరదు కనుక దాని విలువకి గిఫ్టు కార్డు ఇస్తారట. పాత లాప్‌టాప్ మాత్రం తిరిగి ఇవ్వరట. ప్లాన్ నిబంధనల ప్రకారం అది వాళ్ళదే అవుతుంది.

మావారు సంతోషించారు. "కొత్తది వస్తుంది కదా!" నాకు మాత్రం ఒళ్ళు మండింది. గిఫ్టు కార్డుతో అత్తగారి గొంతు కొనుక్కోగలమా?

నేను ఒప్పుకున్నట్టు ఎక్కడా క్లిక్ చేయలేదు. ఒప్పుకోనంతవరకూ లాప్‌టాప్ నాదే. షాపుకి వెళ్ళి మేనేజర్‌ని పిలిపించి, రిపేరు చేయకుండానే తిరిగి ఇవ్వమని కాగితం మీద రాసి, ఒక ఫోటో తీసుకుని ఇచ్చాను. గొంతు పెంచలేదు. "సరే" అనేవరకూ అక్కడే కూర్చున్నాను. పది రోజులకి పెట్టెలో వచ్చింది, వెనక మూత స్క్రూ ఒకటి తక్కువ.

శాన్ హోసేలో ఒక చిన్న వరుస షాపుల్లో, ఫో నూడుల్స్ హోటల్ పక్కన, ఒక వియత్నాం పెద్దాయన రిపేరు షాపు ఉంది. మా పక్కింటావిడ చెప్పారు. ఆయన నా ముందే మూత తీశారు. మైక్రోస్కోప్ కింద పెట్టి నన్నూ చూడమన్నారు. ఆవగింజలో సగం కూడా లేని ముక్క ఒకటి కాలి నల్లబడి ఉంది. ఈ మోడల్‌లో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుందని, బోర్డు మారిస్తే అన్నీ పోయినట్టేనని, అందుకే పెద్ద సెంటర్లు బోర్డంతా మార్చడం తప్ప ఇంకోటి చేయవని చెప్పారు. రెండు రోజుల్లో 180 డాలర్లకి లాప్‌టాప్ లేచింది. వీడియోలన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం మా అమ్మాయితో కలిసి గోంగూర వీడియో చూశాను. ఆడపడుచు చాడీ దగ్గర అది ఒకటే నవ్వు.

ఇలాంటి చిన్న షాపుల వాళ్ళకి విడిభాగాలు, మాన్యువల్స్ అందనివ్వకపోవడం మీద అమెరికాలో పెద్ద పోరాటమే నడిచింది. 2022 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో రైట్ టు రిపేర్ చట్టం మీద సంతకం అయింది. మిన్నెసోటా, కాలిఫోర్నియా చట్టాలు 2024 జూలై 1న అమల్లోకి వచ్చాయి. కాలిఫోర్నియాలో 100 డాలర్లు, ఆపై ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువులకి తయారీ ఆగిన తర్వాత కూడా ఏడేళ్ళపాటు విడిభాగాలు, సమాచారం అందుబాటులో ఉంచాలి. ఇంకోటి, "బయట విప్పిస్తే వారంటీ పోతుంది" అని కౌంటర్లలో భయపెడుతుంటారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయట బాగుచేయించారన్న ఒక్క కారణంతో తయారీ కంపెనీ వారంటీని రద్దు చేయడం కుదరదు. ఆ బయటి పని వల్లే వస్తువు పాడైతే అది వేరు. 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ విషయం మీదే ఆరు కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు రాసింది.

బ్రిటన్‌లో ఉన్న మన వాళ్ళ పరిస్థితి ఈ విషయంలో మాకంటే మేలు. అక్కడ 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం జవాబు చెప్పాల్సింది అమ్మిన షాపు. "కంపెనీకి ఫోన్ చేసుకోండి" అంటే కుదరదు. వస్తువులో లోపం ఉంటే మొదటి 30 రోజుల్లో వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఆ తర్వాత రిపేరుకో మార్పిడికో ఒక్క అవకాశం ఇస్తే చాలు. అదీ ఫలించకపోతే వస్తువు ఉంచుకుని ధర తగ్గించమనొచ్చు, లేదా వెనక్కిచ్చేయొచ్చు. క్రెడిట్ కార్డుతో కొన్న వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, 1974 చట్టంలోని సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని కూడా అడగొచ్చు. అదనపు ప్లాన్ అమ్మేటప్పుడు ఈ సంగతులేవీ కౌంటర్‌లో చెప్పరు, చెబితే ప్లాన్ ఎవరు కొంటారు?

కాలిఫోర్నియాలో అయితే చివరి దారిగా స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. మామూలు మనుషులు 12,500 డాలర్ల వరకూ అడగొచ్చు. అక్కడ షాపు తరఫున కూడా లాయర్ వచ్చి వాదించడానికి లేదు. నాకు అంతదాకా రాలేదు. వచ్చి ఉంటే నా దగ్గర టికెట్ నంబర్లూ, వెళ్ళిన తేదీలూ, మాట్లాడిన వాళ్ళ పేర్లూ అన్నీ ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. చాకలి పద్దు రాసే అలవాటు మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే.

ప్లాన్‌లో మిగిలిన నెలలకి డబ్బు వెనక్కి ఇమ్మని రాశాను, 61 డాలర్లు వచ్చాయి. మొన్న డిష్‌వాషర్ కొన్నాం. బిల్లు కట్టే దగ్గర అమ్మాయి ఎప్పటిలాగే "ఫోన్ నంబర్?" అంది, మావారు నోరు తెరిచారు. నేను నాది చెప్పాను.