బాబిరూసా కోరలు: ఎందుకు, ఎందువల్ల

పంది కోరలు మనకు కొత్తవి కావు. వరాహమూర్తి శిల్పాన్ని చూసినా, వేరుశనగ చేలో పడ్డ అడవిపందిని చూసినా, పెదవి పక్కనుంచి వంకీ తిరిగి పైకి లేచిన ఆ కోర ఎందుకో ఎవరూ చెప్పనవసరం లేదు. అది ఆయుధం. కాని ఇండొనేషియాలోని సులవేసీ దీవిలోను, దాని చుట్టుపక్కల తొగియన్, బురు, సులా దీవులలోను మాత్రమే జీవించే ఒక అడవిపంది ఉంది. దాని కోరలు ఎందుకన్న ప్రశ్న మాత్రం నూట యాభై ఏళ్ళకు పైగా శాస్త్రజ్ఞులను వేధిస్తూనే ఉంది.

దాని పేరు బాబిరూసా. మలయ్ భాషలో బాబి అంటే పంది, రూసా అంటే జింక. మగ బాబిరూసా ముఖంమీద నాలుగు కోరలు కనిపిస్తాయి. కింది దవడ కోరలు రెండూ ఇతర పందులకు లాగానే నోటి పక్కనుంచి పైకి వస్తాయి. వింత అంతా పై కోరలది. వాటి పంటిగూళ్ళు కిందికి కాక పైకి తెరుచుకొని ఉంటాయి. అందుచేత ఆ కోరలు నోట్లోకి రానే రావు. ముట్టె చర్మాన్ని చీల్చుకొని పైకి మొలిచి, కొమ్ముల్లా వెనక్కి వంగి నుదుటివైపు సాగుతాయి. ఆడవాటికి ఈ కోరలు చాలా చిన్నవిగా ఉంటాయి, లేదా అసలే ఉండవు.

మన పన్ను మొలిచిన కొన్నేళ్ళకు దాని మూలం మూసుకుపోతుంది, పెరుగుదల ఆగుతుంది. ఎలుక, కుందేలు ముందుపళ్ళకు మూలం ఎప్పటికీ మూసుకోదు. అవి పెరుగుతూనే ఉంటాయి, ఎదుటి పళ్ళతో ఒరుసుకొని అరుగుతూనే ఉంటాయి. మగ అడవిపంది కోరలూ ఇంతే. పై కోర, కింది కోర ఒకదానినొకటి రాసుకొని అరుగుతాయి, ఆ రాపిడిలోనే కింది కోర కత్తిలా పదునెక్కుతుంది. బాబిరూసా పై కోర దారి తప్పింది కనుక దానికి ఎదురుపడే పన్నే లేదు. పెరుగుదల ఉంది, అరుగుదల లేదు. ముసలి మగవాటిలో కోర మొన నుదుటిని తాకవచ్చు. అరుదుగా, ఆ మొన చర్మాన్ని దాటి పుర్రె ఎముకలోకి దిగిన నమూనాలు కూడా దొరికాయి.

డార్విన్‌తో పాటు ప్రకృతివరణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఈ దీవులలో తిరిగినవాడే. 1869లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో ఈ కోరల ప్రయోజనాన్ని గురించి చర్చించాడు. ఆ జంతువు తల ఆనించుకోవడానికి కోరలను కొమ్మకు తగిలించుకుంటుందని పూర్వులు కొందరు ఊహించారు. ముళ్ళ పొదల్లో రాలిన పళ్ళు వెదుక్కునేటప్పుడు కళ్ళకు రక్షణ అన్నది మరొక ఊహ. ఆడదీ అదే పొదల్లో మేస్తుంది కదా, దానికి కోరలేవీ అని వాలెస్ అడిగాడు. ఒకప్పుడు ఉపయోగపడి, ఎప్పటికప్పుడు అరిగిపోతూ వచ్చిన ఈ కోరలు, జీవన పరిస్థితులు మారాక పనిలేక విపరీతంగా పెరుగుతున్నాయని ఆయన అభిప్రాయం.

1981లో జాన్ మెకినన్ మరొక వివరణ ఇచ్చాడు. మగవి పోట్లాడుకునేటప్పుడు పై కోరలు డాలులాగా ముఖాన్ని కాపాడుతాయనీ, కింది కోరలే అసలు ఆయుధాలనీ ఆయన వాదన. అయితే తరువాతి పరిశీలనలలో తేలినదేమిటంటే, మగ బాబిరూసాలు వెనక కాళ్ళమీద నిలబడి ముందు కాళ్ళతో ముష్టియుద్ధం చేస్తాయి. పై కోరలు పెళుసైనవి, గట్టి దెబ్బకు నిలిచేవి కావు. కనుక నెమలి పింఛంలా అవి ప్రదర్శనకే అన్న వాదానికి బలం చేకూరింది. ఇది కూడా ఇంకా ఊహాస్థాయిని దాటలేదు.

ఇక్కడ మన భాషలోని ఒక మాటను కాస్త పరిశీలించాలి. 'ఎందుకు' అంటే 'దేనికోసం' అని ఒక అర్థం, 'దేనివల్ల' అని మరొక అర్థం. రెంటినీ ఒకే మాటలో కలిపి అడగడం మనకు అలవాటు. బాబిరూసా కోర దేనివల్ల అలా పెరుగుతుందో మనకు తెలుసు: పైకి తిరిగిన గూడు, మూసుకోని మూలం, ఎదురులేని మొన. దేనికోసం అన్నదానికి జవాబు ఉండి తీరాలన్న నియమం లేదు. పుర్రెను తాకేంత పెరుగుదలకు అసలు ప్రయోజనమే లేకపోవచ్చు. కోర అక్కడిదాకా వచ్చేసరికి ఆ మగది తన సంతానాన్ని కనే ఉంటుంది. ఆ తరువాత దానికి కలిగే హాని ప్రకృతివరణం కంట అంతగా పడదు.

ఈ సంగతిని స్పష్టంగా చెప్పినవాళ్ళు జె. బి. ఎస్. హాల్డేన్, పీటర్ మెడవర్. హంటింగ్టన్ వ్యాధి ప్రాణాంతకమైనా, లక్షణాలు సాధారణంగా ముప్ఫై దాటాక గాని బయటపడవు. అప్పటికే ఆ జన్యువు పిల్లలకు చేరిపోయి ఉంటుంది. 1952లో మెడవర్ ఈ ఆలోచనను విస్తరించి, ముసలితనానికే అన్వయించాడు.

వైద్యవృత్తిలో నేను తరచు వినే ప్రశ్న కూడా ఇదే. 'నాకే ఎందుకు డాక్టరుగారూ?' అని అడిగే రోగి తెలుసుకోగోరేది కారణం మాత్రమే కాదు. ఏ పాపానికి ఈ శిక్ష, దేనికోసం ఈ బాధ అని కూడా అడుగుతున్నాడు. దేనివల్ల అన్నది తెలిసినంతవరకు చెప్పడం నా బాధ్యత. లేని ప్రయోజనాన్ని, చేయని నేరాన్ని ఆ జబ్బుకు అంటగట్టకుండా ఉండడమూ నా బాధ్యతే.

చివరగా ఒక మాట. తన కోరవల్లే చచ్చే జంతువుగా బాబిరూసాకు పేరు పడింది. అది అన్యాయం. అలాంటి పుర్రెలు అరుదు. ముసలి మగవాటి కోరలు చాలావరకు విరిగిపోయే ఉంటాయి. దానికి అసలు ముప్పు వేటవల్ల, అడవుల నరికివేతవల్ల. 1931 నుంచీ చట్టరక్షణ ఉన్నా, ఉత్తర సులవేసీ సంతలలో దాని మాంసం అమ్ముడుపోతూనే వచ్చింది. ఈతకు ఒకటి రెండు పిల్లలే కనే జంతువు ఆ నష్టాన్ని త్వరగా పూడ్చుకోలేదు. ఈ విషయంలో మాత్రం దేనికోసం, దేనివల్ల అన్న ప్రశ్నలు రెండింటికీ జవాబు మన దగ్గరే ఉంది.