పూతరేకుల పెట్టె చెప్పు కథ

చేతితో చేసిన తినుబండారమును దూరపు ఊరిలో కొనువానికి, దానిని చేసినవారు కనిపించరు. వారి మాటను అతనికి చేరవేయునది పెట్టె ఒక్కటే. లోని వస్తువును కాపాడుట, దానిని గూర్చి నిజము చెప్పుట అని పెట్టెకు రెండు పనులు కలవు. ఒక్కొక్కప్పుడు ఈ రెండింటికి పొత్తు కుదరదు. గోదావరి డెల్టాలోని ఆత్రేయపురపు పూతరేకులే ఇందుకు మంచి ఉదాహరణము.

నానిన బియ్యమును మెత్తగా రుబ్బి, పలుచని ఆ పిండిలో గుడ్డను ముంచి, బోర్లించిన వేడి కుండపై ఒక్కసారి లాగుదురు. వేడికి పిండి రేణువులు ఉబ్బి, ఒకదానితో నొకటి అతుకుకొని, క్షణములో ఆరి పొరగా ఏర్పడును. ఈ పొరలో నెయ్యి, బెల్లపు పొడి లేక చక్కెర చల్లి మడతపెట్టుదురు.

ఈ రేకుకు మొదటి శత్రువు గాలిలోని తేమ. పిండిపదార్థపు అణువులందలి హైడ్రాక్సిల్ సమూహములు నీటిని ఆకర్షించును. ఆ నీరు అణుశృంఖలముల మధ్య చేరి, అవి కదలుటకు వీలు కల్పించును. అందుచే రేకు పెళుసుదనము పోయి మెత్తబడును. బెల్లము కూడ తేమను పీల్చునదే. ఇక నెయ్యికి శత్రువు ఆక్సిజన్; వెలుతురు దానికి తోడైనచో ముక్కవాసన త్వరగా పుట్టును.

వట్టి కాగితము తేమను ఆపలేదు. పాలిథీన్ పొర తేమను చాలవరకు ఆపును గాని ఆక్సిజన్‌ను రానిచ్చును. అల్యూమినియము రేకు తేమను, ఆక్సిజన్‌ను, వెలుతురును మూడింటిని అడ్డగించును. ఒత్తిడికి నలగకుండ కాపాడుటకు బయట అట్టపెట్టె కావలయును.

చిక్కు ఇక్కడనే వచ్చును. పూతరేకు అందము దాని పలుచదనములో ఉన్నది. దానిని చూపుటకై పెట్టెకు పారదర్శకమైన కిటికీ పెట్టినచో, వెలుతురు లోపలికి వచ్చి నెయ్యిని చెరచును. కనుక కిటికీకి బదులు కుండను, గుడ్డను పట్టిన చేతిని పెట్టెపై బొమ్మగా వేయుట మేలు. చేసిన విధానమంతయు ఆ బొమ్మలోనే తెలియును.

అయితే బొమ్మ నిజము కావలయును. యంత్రముపై చేసిన సరకుకు చేతి బొమ్మ వేసిన అది మోసమే. ఊరి పేరు సంగతియు ఇంతే. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. 1999 నాటి చట్టము ప్రకారము, అధీకృత వినియోగదారులుగా నమోదైనవారికే ఆ గుర్తింపును వాడుకొను హక్కు కలదు. దినుసుల పేర్లు, నికర బరువు, తయారైన తేదీ, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య, శాకాహారమును తెలుపు ఆకుపచ్చ గుర్తు కూడ ఆ కథలోని భాగములే. ఇవి లేనిచో ఎంత అందమైన బొమ్మయైనను నమ్మదగినది కాదు.

తేమ ప్రభావమును తరగతిలోనే చూపవచ్చును. ఒకే బరువుగల రెండు వేయించిన అప్పడములను తీసుకొని, ఒకదానిని బిగువైన మూతగల డబ్బాలోను, రెండవదానిని పళ్లెములోను ఉంచవలెను. వానకాలమున మరునాడు రెండింటిని విరిచి, ప్రయోగశాల త్రాసులో తూచి చూచినచో, పళ్లెములోనిది మెత్తబడి, బరువు పెరిగియుండుట విద్యార్థులు గమనింపగలరు.