వాషింగ్ మెషిన్ ‘స్పిన్’ వేగం: దశాబ్దాల పరిణామం - అంకెల అన్వయం

వ్యాససంగ్రహం:
ఉతికిన బట్టల్లోని నీటిని యంత్రం పిండే వేగం 1937 నుంచి ఎలా పెరిగింది, పెరగడానికి ఏ అడ్డంకులు తొలగవలసి వచ్చింది, చివరికి ఎక్కడ నిలిచింది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నిమిషానికి ఎన్ని చుట్లు అన్న అంకె ఒక్కటే యంత్రం సామర్థ్యాన్ని చెప్పదు. డ్రమ్ము వ్యాసార్థంతోను, బట్టల్లో మిగిలే తేమతోను కలిపి చదివినప్పుడే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: స్పిన్ వేగం, అపకేంద్ర బలం, శేషతేమ, ట్విన్ టబ్, అనునాదం.

ఉపోద్ఘాతం:
బట్టల పనికి సంబంధించిన తెలుగు క్రియలు ఆ పని క్రమాన్ని స్పష్టంగా విడదీస్తాయి. నానబెట్టడం, ఉతకడం, జాడించడం, పిండడం, ఆరవేయడం అన్నవి వేటికవే వేర్వేరు దశలు. తెలంగాణ వ్యవహారంలో చాలాచోట్ల ‘బట్టలు పిండుడు’ అంటే ఉతకడమే. అక్కడ ఒక దశ పేరు మొత్తం పనికి పేరయింది. పిండడం ఎంత శ్రమతో కూడిన పనో ఆ వాడుకను బట్టి ఊహించవచ్చు. యంత్రం ఇంట్లోకి వచ్చాక ఈ స్పష్టత కొంత చెదిరింది. రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ యంత్రంలో బట్టలను గిర్రున తిప్పే చిన్న తొట్టిని మన ఇళ్లలో ‘డ్రయ్యర్’ అని పిలుస్తున్నారు. నిజానికి అది ఆరబెట్టదు, పిండుతుంది. పిండినప్పుడు నీరు నీరుగానే బయటికి పోతుంది. ఆరినప్పుడు ఆవిరై పోతుంది. ఈ రెండింటికీ అయ్యే శక్తి వ్యయంలో చాలా అంతరం ఉంది. స్పిన్ వేగం చరిత్రను నడిపించిన ప్రధాన కారణాల్లో ఆ అంతరం ఒకటి.

రోలర్ల నుంచి తిరిగే డ్రమ్ముకు:
తిరిగే డ్రమ్ము కంటే ముందు రెండు రోలర్ల మధ్య బట్టను దూర్చి నీరు కార్చే పద్ధతి ఉండేది. గుండీలు విరిగేవి, ఏమరుపాటున వేళ్లు నలిగేవి. 1948లో వేల్స్‌లోని మెర్థిర్ టిడ్‌ఫిల్‌లో హూవర్ సంస్థ తయారుచేయడం మొదలుపెట్టిన విద్యుత్ యంత్రంలో సైతం ఉతకడమే విద్యుత్తుది. పిండే రోలర్లను చేత్తోనే తిప్పాలి. అమెరికాలో బెండిక్స్ సంస్థ అంతకు పదకొండేళ్ల ముందే, 1937లో, ఒకే డ్రమ్ములో ఉతికి, జాడించి, పిండే స్వయంచాలక యంత్రాన్ని ప్రదర్శించింది. అయితే దాన్ని బోల్టులతో నేలకు బిగించవలసి వచ్చేది. లేకపోతే పిండే సమయంలో యంత్రం ఉన్నచోటు వదిలి నడిచేది. ఈ బోల్టులే స్పిన్ వేగానికి తొలి హద్దును సూచిస్తాయి. మోటారుకు వేగంగా తిప్పే శక్తి లేకపోవడం కంటే, ఆ వేగాన్ని నిలిచి భరించే చట్రం లేకపోవడమే అసలు సమస్య.

వేగం, వ్యాసార్థం, బలం:
తిరిగే డ్రమ్ములో బట్టల మీద పనిచేసే అపకేంద్ర బలం వేగవర్గానికి, వ్యాసార్థానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. 24 సెంటీమీటర్ల వ్యాసార్థం గల డ్రమ్మును తీసుకుంటే, నిమిషానికి 400 చుట్ల వద్ద ఆ బలం గురుత్వాకర్షణకు సుమారు 43 రెట్లు. 800 వద్ద అది 172 రెట్లు, 1200 వద్ద 386 రెట్లు, 1600 వద్ద 687 రెట్లు.

మేలు చేసే ఈ లెక్కే కీడు కూడా చేస్తుంది. తడిసిన తువ్వాలు ఒకటి డ్రమ్ములో ఒక పక్కకు చేరి, అక్కడ 300 గ్రాముల అదనపు బరువు ఏర్పడిందనుకుందాం. 400 చుట్ల వద్ద అది డ్రమ్మును సుమారు 13 కిలోల బరువుకు సమానమైన బలంతో పక్కకు లాగుతుంది. అదే తువ్వాలు 1200 వద్ద 116 కిలోల బరువంత బలంతో, అదీ సెకనుకు 20 సార్లు దిశ మారుస్తూ లాగుతుంది. యంత్రాలు ఎందుకు నడిచేవో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ చిక్కును ఇంజనీర్లు అంచెలంచెలుగా విడదీశారు. మొదటి మెట్టు, తొట్టిని చట్రానికి బిగించకుండా స్ప్రింగులకు వేలాడదీసి, ఊపును అణిచే డాంపర్లను అమర్చడం. రెండవది, తొట్టికి కాంక్రీటు దిమ్మెలు కట్టడం. చూడటానికి మొరటుగా కనిపించినా ఇంతకంటే చవకైన, నిలకడైన ఉపాయం నేటికీ విరివిగా వాడుకలోకి రాలేదు. కొత్త యంత్రం అంత బరువుండటానికి ఈ దిమ్మె ముఖ్య కారణం. మూడవది, తొట్టి సహజ కంపనంతో భ్రమణవేగం కలిసే అనునాద దశను త్వరగా దాటించడం. అందుకే యంత్రం ముందుగా నెమ్మదిగా తిరుగుతూ బట్టలను డ్రమ్ము గోడ పొడవునా సర్దుకుంటుంది. సర్దుబాటు కుదిరాకే వేగం అందుకుంటుంది. పాత యంత్రాల్లోని మోటార్లకు ఉతికే వేగం ఒకటి, పిండే వేగం ఒకటి, అంతే. ఎలక్ట్రానిక్ వేగనియంత్రణ వచ్చాక మధ్య వేగాలన్నీ సాధ్యమయ్యాయి. అసమతౌల్యాన్ని గుర్తించి, ఆగి, మళ్లీ ప్రయత్నించే తెలివి యంత్రానికి అబ్బింది. పిండే ముందు యంత్రం పదేపదే తటపటాయించడాన్ని చాలామంది లోపంగా భావిస్తారు. అది లోపం కాదు. నేలకు బిగించిన బోల్టుల పనిని నేడు చేస్తున్నవాటిలో ఆ తటపటాయింపు ఒకటి.

దశాబ్దాల లెక్క:
బ్రిటన్‌లో ముందు తలుపు యంత్రాలను ఉదాహరణగా తీసుకుంటే క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. 1970ల్లో 500 నుంచి 800 చుట్లు సాధారణం. 1980ల్లో 800 నుంచి 1000, ఖరీదైనవాటిలో 1100 కనిపించింది. 1990ల్లో 1000 నుంచి 1200 మామూలైంది. 2000 తరువాత 1400, 1600 సాధారణమై, 1800కు చేరినవి కూడా మార్కెట్టులోకి వచ్చాయి. అమెరికా దారి వేరు. అక్కడి పైమూత యంత్రాలు చాలాకాలం 500 నుంచి 700 చుట్ల మధ్యనే ఉండిపోయాయి. పక్కనే వేడిగాలితో ఆరబెట్టే యంత్రం ఉండటంతో, పిండటంలో మిగిలిన లోటును అది పూడ్చేది.

ఆ లోటు ఖరీదును ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. 5 కిలోల పొడిబట్టల్లో శేషతేమ 90 శాతం ఉంటే నాలుగున్నర లీటర్ల నీరు మిగిలినట్లు. 50 శాతం ఉంటే రెండున్నర లీటర్లు. తేడా రెండు లీటర్లు. దాన్ని ఆవిరి చేయడానికి కనీసం 1.3 యూనిట్ల విద్యుత్తు కావాలి. అదే నీటిని పిండడానికి 500 వాట్ల మోటారు పది నిమిషాలు తిరిగినా 0.08 యూనిట్లే ఖర్చవుతుంది. విధానకర్తలు గుర్తించింది కూడా దీన్నే. ఐరోపా సంఘం 1995 నాటి ఆదేశంలో ఉతికే సామర్థ్యంతోపాటు పిండే సామర్థ్యానికి కూడా ఏ నుంచి జీ వరకు తరగతులు నిర్ణయించింది. శేషతేమ 45 శాతం లోపు ఉంటే ఏ, 45 నుంచి 54 వరకు బీ, 54 నుంచి 63 వరకు సీ. అమెరికాలో 2004, 2007లలో అమల్లోకి వచ్చిన ప్రమాణాలు బట్టల్లో మిగిలిన తేమను ఆరబెట్టే ఖర్చును ఉతికే యంత్రం లెక్కలోనే వేశాయి. వీటిలో కొలిచింది చుట్లను కాదు, తేమను. ఇది గమనించదగిన విషయం.

తేమను కొలిచినప్పుడు వేగం పరిమితి కూడా బయటపడుతుంది. సాధారణంగా 1000 చుట్ల వద్ద 60 శాతం దరిదాపుల్లో ఉండే శేషతేమ, 1400 వద్ద 50 శాతం దగ్గరికి వస్తుంది. 1600కు పెంచితే మరికొంత తగ్గుతుంది. 1000 నుంచి 1600కు బలం రెండున్నర రెట్లు పెరిగినా నీరు ఆ నిష్పత్తిలో తగ్గదు. నూలుపోగుల మధ్య స్వేచ్ఛగా ఉన్న నీరు ముందే పోతుంది. సన్నని కేశనాళికల్లో చిక్కుకున్నది మొండికేస్తుంది. పోగులోకే ఇంకినదాన్ని ఏ డ్రమ్మూ పూర్తిగా లాగలేదు. దానికి ఎండో, వేడిగాలో కావాలి.

మన మార్కెట్టులో అంకెల చిక్కు:
భారతీయ విపణిలో ట్విన్ టబ్ యంత్రాల మీద 1300, 1400 అన్న అంకెలు, పైమూత యంత్రాల మీద 700కు అటూఇటూ, ముందు తలుపు యంత్రాల మీద 1000 నుంచి 1400 వరకు కనిపిస్తాయి. అంకెలనే పోలిస్తే చవకైన ట్విన్ టబ్ ముందున్నట్లు తోస్తుంది. దాని పిండే తొట్టి వ్యాసార్థం సుమారు 12 సెంటీమీటర్లు అనుకుంటే, 1300 చుట్ల వద్ద బలం గురుత్వాకర్షణకు 227 రెట్లు. 24 సెంటీమీటర్ల డ్రమ్ము 1000 చుట్లకే 268 రెట్లు ఇస్తుంది. 25 సెంటీమీటర్ల వ్యాసార్థం గల పైమూత యంత్రం 700 వద్ద 137 రెట్లు మాత్రమే ఇస్తుంది. కనుక ట్విన్ టబ్ పైమూత యంత్రం కంటే బాగా పిండుతుందన్న గృహిణుల అనుభవానికి ఆధారం ఉంది; ముందు తలుపు యంత్రాన్ని మించిపోయిందన్న భావనకు మాత్రం లేదు.

మరొక భేదం వాతావరణానిది. దండెం మీద ఎండకు ఆరవేసే ఇంట్లో రెండు లీటర్ల తేడాకు మీటరు తిరగదు. వేసవిలో ఆ తేడా తెలియను కూడా తెలియదు. శ్రావణమాసపు ముసురులో, అపార్టుమెంటు బాల్కనీలో, అదే తేడా బట్టలకు ముక్కవాసన పట్టడమా ఆరడమా అన్నదాన్ని నిర్ణయించవచ్చు. పట్టుకు, జరీకి, సన్నని కృత్రిమ నూలుకు మాత్రం ఏ ఋతువులోనైనా ఎక్కువ వేగం అనవసరం. పాలియెస్టర్ నీటిని పోగులోకి దాదాపు పీల్చుకోదు కనుక తక్కువ చుట్లకే వదిలేస్తుంది. అధిక వేగం దానికి మిగిల్చేది ఇస్త్రీకి లొంగని ముడతలనే.