నీటి మహిమకు కొలబద్ద

కార్తిక పూర్ణిమనాడు నెల్లూరు జిల్లా సముద్రతీరాన, మైపాడు మొదలైన చోట్ల, జనం తెల్లవారకముందే అలలలో మునిగి లేస్తారు. మొహర్రం దినాలలో నెల్లూరు పట్టణంలోని బారాషహీద్ దర్గా వద్ద స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి, మతభేదం లేకుండా, ఒకరి చేతి రొట్టె మరొకరు అందుకొంటారు. ఆ రొట్టెలలో ఆరోగ్యం కోరి పుచ్చుకొనే రొట్టె కూడా ఒకటి. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు నయమైన కథను ఈ పండుగకు మూలంగా చెప్పుకొంటారు. ఇట్టి నీళ్లు ప్రపంచమంతటా కలవు. గంగ, జమ్ జమ్ బావి, ఫ్రాన్సులో లూర్ద్ ఊట, ఇంగ్లండులో బాత్ వేడినీటి బుగ్గ, పాలస్తీనా పక్కన మృతసముద్రం - ఈ జాబితాకు అంతు లేదు.

భక్తి భక్తుని సొంత విషయం. దానిని పరీక్షనాళికలో పోసి చూడడం ఈ వ్యాసం పని కాదు. అయితే “ఈ నీటిలో రోగం పోగొట్టే గుణం ఉన్నది” అన్నది నీటిని గురించిన మాట. నీటిని గురించిన మాటను పరీక్షించి చూడవచ్చును, చూడవలెను కూడా. ఎందుకో చెప్పడానికి నెల్లూరు జిల్లా చరిత్రలోనే ఒక గట్టి నిదర్శనం ఉన్నది. దానికి ముందు, నీటికి గుణం ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం.

నీటిలో ఏమున్నది?

శుద్ధమైన నీరు ఎక్కడైనా ఒక్కటే. రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే నీరు. తేడాలన్నీ ఆ నీరు దారిలో కరిగించుకొన్న పదార్థాల వలన, భూమినుంచి తెచ్చుకొన్న వేడి వలన, అందులో నివసించే సూక్ష్మజీవుల వలన వచ్చినవే. పాఠకులు ఇంటిలోనే ఒక చిన్న ప్రయోగం చేయవచ్చును. మూడు గాజు పళ్లేలలో వాననీరు, బోరునీరు, సముద్రపు నీరు కొద్ది కొద్దిగా పోసి, మూత లేకుండా, దుమ్ము పడనిచోట ఎండబెట్టండి. వాననీటి పళ్లెం దాదాపు శుభ్రంగా ఉంటుంది. బోరునీటి పళ్లెంలో తెల్లని పొర మిగులుతుంది. సముద్రపు నీటి పళ్లెంలో ఉప్పు పేరుకొంటుంది. సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు మోస్తున్నది మరి.

వేడినీటి బుగ్గలు

భూమిలోనికి పోయినకొద్దీ, సాధారణంగా కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. లోతుకు దిగిన వాననీరు పగుళ్లగుండా త్వరగా పైకి వస్తే వేడినీటి బుగ్గ అవుతుంది. భద్రాచలం సమీపాన గుండాల వద్ద గోదావరి ఒడ్డు ఇసుకను తవ్వితే వేడినీరు ఊరడానికి ఈ భూగర్భపు వేడే కారణం. బాత్ నగరంలోని బుగ్గ వేడి సుమారు 46 డిగ్రీలు. అక్కడ రోమనులు దాదాపు రెండువేల ఏళ్ల క్రిందటనే స్నానశాలలు కట్టించినారు.

బాత్‌కు పక్షవాతం వంటి జబ్బుతో వచ్చినవారిలో కొందరు నిజంగానే కోలుకొన్నట్లు 18వ శతాబ్దపు ఆసుపత్రి రికార్డులు చెబుతున్నవి. దీని గుట్టు ఏమిటి? ఆ కాలాన మద్యంలోనూ, పాత్రలలోనూ, రంగులలోనూ సీసం విరివిగా ఉండేది. ఆ రోగులలో పలువురి జబ్బు సీసపు విషం వలన వచ్చినది. మెడలోతు నీటిలో కూర్చొన్నపుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం రొమ్మువైపు జరుగుతుంది. అది చూచి శరీరం తనలో నీరు ఎక్కువైనదని భావించి, మూత్రపిండాలచేత ఎక్కువ పని చేయిస్తుంది. 1980లలో ఇంగ్లండు వైద్యులు మనుషులను గోరువెచ్చని నీటిలో మెడవరకు కూర్చోబెట్టి పరీక్షించగా మూత్రంతోపాటు సీసం కూడా ఎక్కువగా బయటికి పోయినది. ఫలితం నిజమే. అయితే ఈ ఒత్తిడి బాత్ నీటికే ప్రత్యేకం కాదు; మెడలోతు నీరు ఏదైనా ఈ పని చేస్తుంది. అట్లే మెడవరకు మునిగినవానికి తన బరువు పదోవంతుగా మాత్రమే తోస్తుంది. అందువలన కీళ్ల నొప్పులవారికి నీటిలో కదలడం సులువు.

మృతసముద్రం కథ కూడా ఇట్టిదే. దాని ఉప్పదనం మామూలు సముద్రానికి పదిరెట్లకు దగ్గర. సోరియాసిస్ అనే చర్మవ్యాధి అక్కడ తగ్గడం వైద్యులు చూచినదే. అయితే ఆ తీరం సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. అదనపు గాలిపొర ఎండలోని తీవ్రకిరణాలను కొంత వడగట్టడం వలన రోగి చర్మం కమలకుండా ఎక్కువసేపు ఎండలో పడుకోగలడు. కనుక ఆ ఖ్యాతిలో మంచి వాటా సూర్యునికి దక్కవలసినది.

లెక్కపెట్టని వారు

1896లో హాంకిన్ అనే శాస్త్రజ్ఞుడు గంగా యమునల నీటిలో కలరా క్రిములు కొద్ది గంటలలోనే చచ్చిపోతున్నవనీ, నీటిని మరగబెడితే ఆ శక్తి పోతున్నదనీ వ్రాసినాడు. బ్యాక్టీరియాను తినే వైరస్‌లకు 1917లో డెరెల్ బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టిన తరువాత, హాంకిన్ చూచినది వాటి పనియే కావచ్చునని పలువురు భావించినారు. అయినా ఒక్కొక్క ఫేజ్ కొన్ని క్రిములనే తింటుంది. మురుగు కలిసిన నదిలో తక్కిన క్రిములు క్షేమంగానే ఉంటాయి.

లూర్ద్ ఊట 1858లో ప్రసిద్ధికి వచ్చినది. ఆ సంవత్సరమే తూలూజ్ నగరపు రసాయనశాస్త్ర ఆచార్యుడు ఫిల్హోల్ ఆ నీటిని పరీక్షించి, అందులో రోగం కుదిర్చే ప్రత్యేక పదార్థమేదీ లేదని తేల్చినాడు. నాటినుంచి కోట్లమంది యాత్రికులు వచ్చినారు. అద్భుతాలుగా చర్చి అంగీకరించినవి 70కి పైచిలుకు మాత్రమే.

ఇక్కడ ఒక తర్కం గమనించవలెను. కీళ్లనొప్పి, ఉబ్బసం, చర్మరోగం వంటివి ఒకప్పుడు ముదిరి, ఒకప్పుడు వాటంతటవే తగ్గుతుంటాయి. మనిషి బాధ ముదిరినపుడే యాత్రకు బయలుదేరుతాడు. తరువాత తగ్గితే కీర్తి నీటికి పోతుంది. తగ్గనివాడు ఊరికే ఇంటికి పోతాడు. వాని పేరు ఎవరూ వ్రాసిపెట్టరు. బాగుపడినవారిని, పడనివారిని, అసలు ఆ నీరు తాకనివారిని, ముగ్గురినీ లెక్కించినపుడే మందు గుణం తెలుస్తుంది.

లెక్క లేకుండా నమ్మితే ఏమవుతుందో 20వ శతాబ్దం మొదటి భాగంలో తేలినది. కొన్ని బుగ్గలలో రేడియోధార్మికత ఉన్నదని తెలియగానే, రోగాలను కుదిర్చేది అదేనని పుకారు పుట్టినది. అమెరికాలో రేడియం కలిపిన నీటిని సీసాలలో అమ్మినారు. వందల సీసాలు త్రాగిన ధనికుడు ఎబెన్ బయర్స్ దవడ ఎముకలు శిథిలమై 1932లో మరణించినాడు.

నెల్లూరు నేర్పిన పాఠం

ఇక మన నిదర్శనం. 1930లలో నెల్లూరు జిల్లాలో చేరివుండిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో (1970లో ఇవి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాకు పోయినవి) నడివయసుకే వెన్ను బిగుసుకొని, మెడ తిరగక, వంగిపోయి నడిచే మనుషులు ఉండేవారు. పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు, చారలు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి మొదలైన పరిశోధకులు దీనికి కారణం త్రాగే బావినీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించినారు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధి మొదట గుర్తింపబడినది ఇక్కడనే.

ఆ బావులకు అపకీర్తి ఏదీ లేదు. నీరు తేటగా ఉన్నది, వాసన లేదు, ఫ్లోరైడుకు ఆ మోతాదులో రుచి లేదు. గ్రానైటు జాతి రాళ్లలోనూ, అభ్రకం, అపటైటు వంటి ఖనిజాలలోనూ ఫ్లోరీన్ ఉంటుంది. సున్నపు అంశం తక్కువై, క్షారగుణం గల భూగర్భజలం దానిని ఏళ్లతరబడి కరిగించుకొంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని నేటి ప్రమాణం. మన పళ్లెంలో సముద్రపు ఉప్పు కంటికి కనిపించినది. ఇంత కొద్ది ఫ్లోరైడును ఏ కన్నూ తక్కిన లవణాలనుంచి వేరుచేసి చూడలేదు.

నీటిని కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఆవిరైనకొద్దీ దాని పాలు హెచ్చుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు. సున్నం, పటిక తగుపాళ్లలో కలిపి తేర్చే “నల్లగొండ పద్ధతి”ని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినది. నేడు రివర్స్ ఆస్మాసిస్ యంత్రాలు కూడా ఉన్నవి. వంగిన వెన్ను మాత్రం తిరిగి నిటారు కాదు. కనుక పరీక్ష ముందే జరగవలెను. అది కష్టమైన పనీ కాదు. జిర్కోనియం కలిపిన గులాబిరంగు ద్రవం ఫ్లోరైడు హెచ్చినకొద్దీ పసుపురంగుకు తిరుగుతుంది.

సముద్రస్నానానికి పోయేవారు కూడా ఒక సంగతి తెలుసుకోవలెను. ఉప్పునీరు పుండ్లను మాన్పుతుందని పలువురి నమ్మకం. కాని నదీముఖాలలోని వెచ్చని, పలుచని ఉప్పునీటిలో కలరా క్రిమికి జ్ఞాతియైన విబ్రియో వల్నిఫికస్ నివసించగలదు. అది గాయం గుండా లోపలికి చేరితే, ముఖ్యంగా కాలేయవ్యాధి, మధుమేహం ఉన్నవారికి, ప్రాణాపాయం తేవచ్చును. ఇట్టివారు కాలిపై మానని పుండు ఉన్నపుడు నీటిలో దిగకుండా ఒడ్డునుంచే నమస్కరించడం మేలు.

స్వర్ణాల చెరువులో రొట్టె అందుకొన్న తల్లి, మైపాడులో మునిగి లేచిన తండ్రి బిడ్డ ఆరోగ్యమే కోరుకొంటారు. వారు యాత్రనుంచి ఇంటికి చేరిన తరువాత చేయదగిన పని ఒకటి కలదు. బిడ్డ రోజూ త్రాగే నీటిని శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపించి, ఫలితం తెప్పించుకోవలెను. యాత్రలో నీటితో మనకు గడిచేది ఒక్క గడియ. ఊరి బోరునీటితో గడిచేది జీవితమంతా.