రాజదూత ముఖాన తలుపు ఎందుకు మూస్తారు?

లండన్‌లో రాజు పార్లమెంటును ప్రారంభించే రోజున, సభ్యులను పిలవడానికి ఆయన దూత వస్తాడు. కామన్స్ సభ తలుపు అతని ముఖంమీదే ధడాలున మూసుకుంటుంది. ఎందుకు?

కొత్త పన్నులకు పార్లమెంటు ఒప్పుకోవాలన్న నియమం అప్పటి ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్‌కు గిట్టలేదు. 1629 నుంచి 11 ఏళ్లు పార్లమెంటునే పిలవలేదు. స్కాట్లాండ్‌తో యుద్ధానికి డబ్బు చాలక 1640లో పిలవక తప్పలేదు. గొడవ ముదిరింది.

1642 జనవరి 4న ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి సైనికులను వెంటబెట్టుకొచ్చి, చార్లెస్ తానే కామన్స్ సభలోకి నడిచాడు. వాళ్లు అప్పటికే తప్పించుకున్నారు. ఎక్కడున్నారని అడిగితే స్పీకర్ లెంథాల్ మోకరిల్లి, సభ ఆదేశిస్తే తప్ప తనకు చూసే కళ్లూ, పలికే నాలుకా లేవన్నాడు. రాజు ఎదుట ఆ మాట అనడానికి ఎంత గుండెధైర్యం కావాలి!

ఆ ఏడాదే అంతర్యుద్ధం మొదలైంది. 1649లో చార్లెస్ తల తెగింది. ఇప్పటికీ సమావేశం జరుగుతుండగా రాజు కామన్స్‌లో అడుగుపెట్టడు; ఆయన దూత ముఖాన తలుపు మూయడం సభ తన స్వేచ్ఛను గుర్తుచేయడమే.