దారి తెలిసినవాడు

దూరప్రయాణమనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చే గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. 1830వ సంవత్సరం మే నెలలో ఆయన చెన్నపట్టణం నుండి పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినారు. ఏ ఊరిలో మజిలీ చేయవచ్చునో, ఎక్కడ సామగ్రి దొరుకుతుందో, ఎక్కడ బాట మంచిదో, ఎక్కడ చెడ్డదో, ఏ నదిని ఎట్లా దాటవలెనో శ్రద్ధగా వ్రాసి ఉంచినారు. తాను తెలుసుకొన్నది తనతోనే పోకుండా, వెనుక వచ్చేవారికి పనికి రావలెనన్న తలంపు ఆ పుటలలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఇప్పుడు ప్రయాణీకుని చేతిలోని ఫోనే పటం, అదే దారి చూపేది. ఎక్కడ మలుపు తిరగవలెనో అదే చెప్పుతుంది. మరి ప్రయాణానికి ముందు కూర్చుండి ఆలోచించవలసిన పని ఇంకా మిగిలి ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల బాట ఒకటి భూగోళపు ఉత్తరపు అంచున, కెనడా దేశంలో ఉన్నది. దాని పేరు డెంప్‌స్టర్ రహదారి. ఆ బాటను వెళ్ళదలచినవాడు ఎట్లా సిద్ధపడవలెనో తెలుసుకొనడం భూగోళశాస్త్ర పాఠం మాత్రమే కాదు. నలుగురు మనుష్యులు తమ ప్రాణాలు ఒడ్డి నేర్పిపోయిన పాఠం కూడా అందులో ఉన్నది.

కంకర బాట

యూకాన్ ప్రాంతంలో, ఒకప్పుడు బంగారం కోసం వేలాది జనం ఎగబడిన డాసన్ పట్టణానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఈ రహదారి మొదలవుతుంది. అక్కడినుండి ఉత్తరంగా 736 కిలోమీటర్లు సాగి, మెకెంజీ నది డెల్టాలోని ఇనువిక్ పట్టణం చేరుతుంది. హైదరాబాదు నుండి ముంబయికి ఉన్న దూరం ఇంచుమించు ఇంతే. కాని మన దారిలో గంట ప్రయాణానికి ఎన్ని ఊళ్ళు తగులుతవి, ఊరికి ఎన్ని టీ దుకాణాలు కనిపిస్తవి! ఇక్కడ మొదటి 369 కిలోమీటర్లలో ఊరన్నది లేదు. ఆ మీదట ఈగిల్ ప్లెయిన్స్ అనేచోట ఒక హోటలు, ఒక పెట్రోలు బంకు ఉన్నవి. అదీ ఊరు కాదు. అది దాటి కొంత దూరం పోగానే 405వ కిలోమీటరు వద్ద ఆర్కిటిక్ వలయం తగులుతుంది. మొదటి ఊరైన ఫోర్ట్ మెక్‌ఫర్సన్ 550వ కిలోమీటరు వద్ద గాని రాదు.

దాదాపు దారి పొడుగునా కంకరే. తారు వేయకపోవడానికి పేదరికం కారణం కాదు, నేల స్వభావమే కారణం. అక్కడి భూమి లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. పైపొరను గీకివేసి రోడ్డు పరచినట్లయితే, వేసవిలో లోపలి మంచు కరగి, నేల బురదయై క్రుంగిపోతుంది. అందుచేత ఇంజనీర్లు నేలను తవ్వక, దానిమీదనే 1.2 మీటర్లు మొదలు 2.4 మీటర్ల మందాన కంకర దిమ్మె కట్టినారు. ఆ దిమ్మె కంబళివలె పనిచేసి, పైవేడి క్రిందికి దిగకుండా కాపాడుతుంది. 1959లో మొదలైన ఈ నిర్మాణం నడుమ కొన్ని సంవత్సరాలు ఆగి, 1979 ఆగస్టు 18వ తేదీన రహదారిగా ప్రారంభమైనది. 2017 నవంబరులో ఇనువిక్ నుండి టుక్టోయాక్టుక్ వరకు మరి 138 కిలోమీటర్ల బాట తెరచినారు. దానితో ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డువరకు కారు నడుపుకొని పోవడం సాధ్యమైనది.

నలుగురు తిరిగి రాలేదు

రోడ్డు లేని కాలంలో ఈ సీమలో కుక్కలు లాగే స్లెడ్జి బండ్లే వాహనాలు. 1904-05 చలికాలం మొదలుకొని రాయల్ నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసులు ఏటేటా డాసన్ పట్టణానికీ ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కూ మధ్య టపాలు మోసేవారు. 1910లో ఆ గస్తీదళం ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుండి బయలుదేరినది. నాయకుడు ఇన్స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌గెరాల్డ్. అతడు కొత్తవాడు కాడు, ఉత్తరసీమలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు, ధైర్యశాలి. 1911లో ఐదవ జార్జి పట్టాభిషేకానికి లండను వెళ్ళవలసిన దళానికి ఎంపికైనవాడు. కిన్నీ, టేలర్ అనే ఇద్దరు కానిస్టేబుళ్ళు, దారి చూపేందుకు కార్టర్ అనే మాజీ కానిస్టేబులు, పదిహేను కుక్కలు అతని వెంట ఉన్నవి. డిసెంబరు 21వ తేదీన వారు బయలుదేరినారు. గమ్యం సుమారు 760 కిలోమీటర్లు.

వేగంగా పోవలెనని ఫిట్జ్‌గెరాల్డ్ సంకల్పం. బండ్లు తేలికగా ఉండేందుకు మనుష్యుల తిండి, కుక్కల తిండి రెండూ తగ్గించినాడు. కార్టర్ ఆ దారిని వెనుక ఒక్కసారి మాత్రమే, అదీ ఎదురు దిశ నుండి వచ్చి ఉన్నాడు. ఆ అనుభవమే చాలుననుకొన్నారు. దారిలో ఆ నేలకు చెందిన గ్విచిన్ జాతివారు తటస్థపడినారు. వారిలో ఈసా జార్జి అనే అతనిని కొద్ది రోజులు దారి చూపేందుకు పెట్టుకొని, కూలి ఇచ్చి పంపివేసినారు.

అక్కడినుండి కథ మారినది. ఫారెస్ట్ క్రీక్ అనే వాగు వెంట కొండ దాటి పోవలసి ఉండగా, ఆ వాగు మొదలు ఎక్కడో కార్టర్‌కు జ్ఞప్తికి రాలేదు. మంచు కప్పిన వాగులన్నీ ఒక్కతీరుగానే కనిపించినవి. రోజుల తరబడి వెతికినారు. తిండి తరిగిపోయినది. జనవరి నడుమ వెనుకకు మరలక తప్పలేదు. కార్టర్ మాట నమ్మి ఉండకూడదని ఫిట్జ్‌గెరాల్డ్ తన దినచర్యలో ఒప్పుకొన్నాడు. తిరుగుదారిలో ఒక్కొక్క కుక్కనే చంపి తినవలసి వచ్చినది. ఫిబ్రవరి 5వ తేదీతో ఆ దినచర్య ఆగిపోయినది.

దళం ఎంతకూ డాసన్ చేరకపోవడంతో, ఫిబ్రవరి 28వ తేదీన కార్పొరల్ డెంప్‌స్టర్‌ను వెతికేందుకు పంపినారు. అతని వెంట గ్విచిన్ వాడైన చార్లీ స్టువర్ట్ దారి చూపుతూ వెళ్ళినాడు. మార్చి 21, 22 తేదీలలో నలుగురి శరీరాలు కనిపించినవి. ఇద్దరు ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు సుమారు 56 కిలోమీటర్ల దూరాన, తక్కిన ఇద్దరు 40 కిలోమీటర్ల దూరాన పడి ఉన్నారు. ఫిట్జ్‌గెరాల్డ్ వద్ద కాలిన పుల్లతో వ్రాసిన వీలునామా దొరికినది. తనకున్నదంతా తల్లికి చెందవలెనని అందులో వ్రాసి ఉన్నది.

అదే శీతకాలంలో, అదే సీమలో డెంప్‌స్టర్ బృందం క్షేమంగా ప్రయాణం ముగించినది. వారికి బయలుదేరిన నాటినుండి మూడు వారాలు దాటి ఒక్క రోజు పట్టినది. రెండు దళాలూ సాహసంలో ఒకదానికొకటి తీసిపోవు. వాటి నడుమ ఉన్న భేదాలలో ముఖ్యమైనది దారి తెలిసినవాడు వెంట ఉండటమే. ఆ మీదట గస్తీదళాలు స్థానికుడైన మార్గదర్శి లేకుండా బయలుదేరరాదని పోలీసు అధికారులు నియమం చేసినారు.

నేటి సన్నాహం

నేడు అదే సీమలో రోడ్డు ఉన్నది గనుక ఈ పాఠం పాతబడినదని అనుకొనరాదు. రోడ్డు వాగును వెతికే కష్టాన్ని తప్పించినది గాని, తక్కిన కష్టాలను తప్పించలేదు.

మొదట చూడవలసినది కాలం. పీల్, మెకెంజీ అనే రెండు పెద్ద నదులు రోడ్డుకు అడ్డం వస్తవి. వాటిపై వంతెనలు లేవు. వేసవిలో బల్లకట్టుపై దాటవలెను. నడిచలికాలంలో గడ్డకట్టిన నదిమీదనే బండ్లు నడుస్తవి. మంచు కట్టే రోజులలోను, మంచు విడిచే రోజులలోను బల్లకట్టూ లేదు, మంచుబాటా లేదు. ఆ వారాలలో ఎంత ఖరీదైన కారైనా ఒడ్డున నిలిచిపోవలసినదే. ఇనువిక్‌లో వేసవిని దాదాపు ఎనిమిది వారాలు సూర్యుడు అస్తమించడు. చలికాలంలో సుమారు నెలరోజులు ఉదయించడు. వెలుగు ఉన్నది గదా అని నిద్ర మాని బండి నడపడం కూడా అక్కడి ప్రమాదాలలో ఒకటి.

రెండవది చక్రాలు. రోడ్డుమీది రాళ్ళు కొన్నిచోట్ల కత్తివాదరవలె ఉంటవి. ఒక స్టెప్నీ చాలదు, పూర్తి పరిమాణం గలవి రెండు ఉండవలెనని అనుభవజ్ఞులు చెప్పుతారు. వాటిని మార్చడం ఇంటివద్దనే నేర్చుకొని పోవలెను.

మూడవది పెట్రోలు. ఇది మన బడిపిల్లలు చేయదగిన లెక్క. డాసన్‌లో నింపుకొన్న పెట్రోలు ఈగిల్ ప్లెయిన్స్ వరకు, అనగా సుమారు 409 కిలోమీటర్లు రావలెననుకొందము. ఒక కారు ట్యాంకులో 45 లీటర్లు పడుతుంది, మంచి రోడ్డుమీద లీటరుకు 12 కిలోమీటర్లు నడుస్తుంది. లెక్క ప్రకారం 540 కిలోమీటర్లు పోవలెను. కాని కంకరమీద, కొండదారిలో, ఎదురుగాలిలో అది 9 కిలోమీటర్లకు తగ్గిందనుకొందము. 45ను 9తో హెచ్చించితే వచ్చేది 405. బంకు కంటికి కనిపించే దూరంలో బండి ఆగిపోతుంది! ఫిట్జ్‌గెరాల్డ్ చేసిన లెక్క కూడా ఈ మాదిరిదే. అంతా అనుకొన్నట్లు జరిగితే అతని తిండి సరిపోయేది. అనుకొన్నట్లు జరగని దినానికి అతడు ఏమీ మిగుల్చుకొనలేదు.

నాలుగవది నిలిచిపోవడానికి సిద్ధపడటం. రిచర్డ్‌సన్ పర్వతాలలో గాలి, మంచు చెలరేగినప్పుడు రోడ్డును మూసివేస్తారు. వేసవి వానలకు రోడ్డు కోసుకొనిపోవడమూ కలదు. అందుచేత అదనపు ఆహారం, నీరు, వెచ్చని దుస్తులు వెంట ఉండవలెను. దారిలో చాలాభాగం ఫోను పనిచేయదు. ఉపగ్రహంతో పనిచేసే పరికరం ఉంటే మేలు. ఏ రోజుకు తిరిగి వస్తారో వెనుక ఒకరికి తప్పక చెప్పి పోవలెను. డాసన్‌లో ఎదురుచూసేవారు ఉన్నారు గనుకనే డెంప్‌స్టర్ వెతకబోయినాడు.

చివరిది, అన్నిటికన్న ముఖ్యమైనది, అడగటం. భూతాపం పెరుగుతున్నకొద్దీ లోపలి మంచు కరగి, రోడ్డు అక్కడక్కడ క్రుంగుతున్నది. నిరుటి అనుభవం ఈ ఏటికి చాలదు. ప్రభుత్వంవారి రోడ్డు సమాచారం ఏ రోజుకారోజు చూడవలెను. హోటలువారిని, బల్లకట్టువారిని, ఎదురు వచ్చే లారీ డ్రైవరును ముందున్న దారి ఎట్లా ఉన్నదని విచారించవలెను. ఇందులో చిన్నతనం లేదు.

ఆ సీమలో గ్విచిన్ జాతివారు తరతరాలుగా కారిబూ అనే దుప్పిజాతి మృగాలపై ఆధారపడి జీవిస్తున్నారు. పోర్క్యుపైన్ మందగా పేరొందిన ఆ మృగాలు 2017 లెక్కలలో రెండు లక్షలకు మించి ఉన్నవి. మంద రోడ్డు దాటే వేళ ముందు నడిచే వాటిని వేటాడక పోనివ్వవలెనని వారి పెద్దల మాట. ముందున్నవి బెదిరిపోతే వెనుకవాటికి దారి తప్పుతుందని వారి భావం. కార్లలో వచ్చేవారు కూడా ఆగి, వాటిని దాటనివ్వడం మర్యాద.

ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో చర్చి ఆవరణలో ఆ నలుగురి సమాధులు నేటికీ ఉన్నవి. రోడ్డు వారి ఊరిగుండానే పోతుంది గాని, రోడ్డుకు పేరు మాత్రం వెతకబోయిన డెంప్‌స్టర్‌ది. డెంప్‌స్టర్‌కు దారి చూపిన చార్లీ స్టువర్ట్ పేరు పటంలో అంత పెద్ద అక్షరాలలో కనిపించదు. ఉపాధ్యాయులు పిల్లలచేత ఈ బాటను పటంలో గీయించినప్పుడు, ఆ పేరుకూడ ఒకసారి పలికించడం న్యాయం.