నదిని పూడ్చి కార్ల రోడ్డు వేస్తారట!

“మావయ్యా, ఈ నీళ్లన్నీ తీసేసి ఇక్కడ ‘కార్స్’ రైడ్ పెడతారంట, తెలుసా!”

మా ఆరేళ్ల మేనల్లుడు గంతులేస్తున్నాడు. నేనేమో పడవ రెయిలింగ్ పట్టుకుని మొహం వేలాడేసుకుని నిలబడ్డా. 2025 జులై మొదటివారం. ఓర్లాండో దగ్గరున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో అన్నిటికంటే పాత పార్కు మేజిక్ కింగ్‌డమ్. అందులో ఓ పక్క ‘రివర్స్ ఆఫ్ అమెరికా’ అనే నది, దాని మధ్యలో టామ్ సాయర్ ద్వీపం, ద్వీపం చుట్టూ తిరిగే లిబర్టీ బెల్ అనే ఆవిరి పడవ. జులై 6తో ఈ మూడూ శాశ్వతంగా బంద్.

“ఒక పడవ ఆపేస్తే ఇంత సీనా?” అంటారా? ఆ మాట ఫ్లోరిడాలో డిస్నీ ఫ్యాన్స్ దగ్గర అని చూడండి. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ కొట్టుకున్నట్టే కొట్టుకుంటున్నారు. మా ఇంట్లోనూ రెండు పార్టీలు తయారయ్యాయి. ఒకదానికి మా బావ నాయకుడు, రెండోదానికి నేను.

అసలు కథేంటి?

డిస్నీ సంస్థ 2023 సెప్టెంబరులో ఓ పెద్ద మాట చెప్పింది. పదేళ్లలో పార్కులు, క్రూయిజ్ షిప్పుల వ్యాపారంలో సుమారు 6,000 కోట్ల డాలర్లు పెడతామంది. 2024 ఆగస్టులో కాలిఫోర్నియాలో జరిగిన ఫ్యాన్స్ పండగ ‘డి23’లో ఆ డబ్బుతో కట్టబోయేవాటి బొమ్మలు చూపించింది. మేజిక్ కింగ్‌డమ్ చరిత్రలోనే ఇది పెద్ద విస్తరణ అని ప్రకటించింది. సినిమాల్లోని విలన్లందరికీ ఓ ప్రత్యేక లోకం, ‘కార్స్’ సినిమా పేరుతో ఇంకో లోకం. హాల్లో ఈలలే ఈలలు. అయితే ఆ కార్లు తిరిగేది నది ఉన్న చోటే అన్న సంగతి కొద్దిరోజులాగి స్పష్టమైంది. అప్పుడు మొదలైంది గోల.

పోనీ, పోయేది ఆ ఒక్క నదేనా అంటే కాదు. జిమ్ హెన్సన్ చివరిరోజుల్లో పనిచేసిన మప్పెట్ విజన్ త్రీడీ షో 2025 జూన్ 7న ఆగిపోయింది. ఆ స్థలం ‘మాన్‌స్టర్స్’ సినిమాకి వెళ్తోంది. యానిమల్ కింగ్‌డమ్ పార్కులో డైనోలాండ్‌ని 2025 జనవరి నుంచి ముక్కలు ముక్కలుగా మూస్తూ వచ్చారు. 1998లో పార్కుతో పాటే పుట్టిన డైనోసార్ రైడ్‌కి 2026 ఫిబ్రవరి 1 ఆఖరి రోజు. అక్కడికి ‘ఎన్‌కాంటో’, ఇండియానా జోన్స్ వస్తున్నాయి.

ఇంత తొందరేంటి? ఓర్లాండోలోనే పోటీ సంస్థ యూనివర్సల్ 2025 మే 22న ‘ఎపిక్ యూనివర్స్’ అనే సరికొత్త పార్కు తెరిచింది. పక్కవీధిలో కొత్త మల్టీప్లెక్స్ వస్తే పాత హాలు వాడు సీట్లు మార్చకుండా ఊరుకుంటాడా?

బావ పార్టీ

“చూడు బామ్మర్దీ” అని మొదలెట్టాడంటే బావ దగ్గర లెక్క రెడీగా ఉన్నట్టే. “రద్దీరోజున ఒక్క మనిషికి టికెట్ రెండొందల డాలర్లకి దగ్గర పడుతోంది. అంత పెట్టి వచ్చినవాడు మంచి రైడ్లు కావాలనుకుంటాడా, పడవలో కునుకు తీయాలనుకుంటాడా? పడవ సగం ఖాళీగా తిరుగుతోంది. పక్కనే హాంటెడ్ మ్యాన్షన్ ముందు క్యూ కొండవీటి చాంతాడంత. ఆ జనమంతా పంచుకోవాలంటే కొత్త రైడ్లు రావాలా, వద్దా?”

“డిస్నీ వరల్డ్‌కి పాతికవేల ఎకరాలుంది. నది మీదే పడాలా?” అన్నా నేను.

“అందులో చాలాభాగం చిత్తడి నేల, అడవి. పైగా విలన్ల లోకం నది అవతల కడుతున్నారు. అక్కడికి జనం నడిచి వెళ్లాలిగా? ఏదీ మూయకూడదంటే పార్కు 1971లోనే ఆగిపోయేది.”

నిజం చెప్పొద్దూ, ఈ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు. పార్కు ఎప్పటికీ పూర్తి కాదు, పెరుగుతూనే ఉంటుందన్నది వాల్ట్ డిస్నీ మాటే. మా మేనల్లుడికైతే టామ్ సాయర్ ఎవడో తెలీదు. 1876 నాటి నవల కుర్రాడికన్నా మాట్లాడే కారే వాడికి దగ్గరి చుట్టం. అది వాడి తప్పెలా అవుతుంది?

నా పార్టీ

నా వాదన మా నాన్నతో మొదలవుతుంది. అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు మేజిక్ కింగ్‌డమ్‌కి తీసుకెళ్లాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు. కొండ రైలు వద్దన్నారు, చీకటి గుహలు వద్దన్నారు. మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తోంది. “మీరు వెళ్లి రండ్రా, నేనిక్కడ కూర్చుంటా” అని ఓ చెట్టు కింద చతికిలబడ్డారు. అంతదూరం తీసుకొచ్చింది చెట్టు కింద కూర్చోబెట్టడానికా అని నాకు మనసు చివుక్కుమంది.

అప్పుడు వినిపించింది పడవ కూత. ఆవిరి కూత. నాన్న తల తిప్పారు. “మన పాపికొండల లాంచీలా ఉందేంట్రా ఇది!” ఆ రోజు మూడుసార్లు ఎక్కాం. క్యూ లేదు, కుదుపు లేదు, బెల్టు లేదు. ఒక చుట్టు తిరగడానికి పావుగంట పైనే. గాలి తగులుతుంటే నాన్న గోదావరి కబుర్లు మొదలెట్టారు. ఆయన పెళ్లికి ముందు భద్రాచలం లాంచీలో వెళ్లిన కథ నేను మొదటిసారి విన్నది గోదావరి గట్టున కాదు, ఫ్లోరిడాలో.

మీకో రహస్యం. పడవలో ఆవిరి యంత్రం నిజమైనదే, కానీ దారి మాత్రం నీళ్ల కింద వేసిన పట్టా చూపిస్తుంది. కెప్టెన్ చుక్కాని తిప్పక్కర్లేదు. అయినా ఎవరూ మోసపోయామనుకోలేదు. ద్వీపంలో అయితే గుహలు, పీపాల వంతెన, చెక్క కోట. పిల్లలు వాళ్లంతట వాళ్లే దారి కనిపెట్టుకుంటూ పరిగెత్తేవాళ్లు. పెద్దలు నీడలో కూలబడేవాళ్లు. ఫోన్‌లో స్లాట్ బుక్ చేసుకునే పనే లేదు.

కొత్త రైడ్ వస్తుంటే ఏడవడానికి నాకేమైనా పిచ్చా? నా బాధ వేరే. థ్రిల్ రైడ్లు ఒక్కొక్కటీ పెరుగుతుంటే, మోకాళ్ల నొప్పులున్న నాన్నలకి, చంకలో పసిపిల్లలున్న అమ్మలకి, ఊరికే కూర్చోవాలనుకునేవాళ్లకి మిగిలేదేంటి?

పాత కథలు చెప్పే పాఠం

ఈ గొడవ మొదటిది కాదు. 1994లో మేజిక్ కింగ్‌డమ్‌లో సబ్‌మెరైన్ రైడ్ ఆపేశారు. ఆ స్థలంలో చెప్పుకోదగ్గ కొత్త లోకం వచ్చింది 2012లో. అంటే ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయిపోయేంత కాలం! “మూస్తారు సరే, కడతారన్న గ్యారంటీ ఏది?” అని పాత ఫ్యాన్స్ అడిగేది అందుకే.

1998లో ‘మిస్టర్ టోడ్’ రైడ్ మూస్తామంటే ఫ్యాన్స్ ఆకుపచ్చ టీషర్టులేసుకుని పార్కులోనే నిరసన తెలిపారు. అయినా రైడ్ ఆగలేదు, విన్నీ ద పూ వచ్చేసింది. కానీ కట్టినవాళ్లు పాతదాన్ని పూర్తిగా మర్చిపోలేదు. కొత్త రైడ్ లోపల టోడ్ తన ఇంటి కాగితాలు గుడ్లగూబకి అప్పగిస్తున్న బొమ్మ పెట్టారు. హాంటెడ్ మ్యాన్షన్ పక్కనున్న పెంపుడు జంతువుల సమాధుల్లో టోడ్‌కీ ఓ చోటిచ్చారు. ఈ రోజుకీ ఫ్యాన్స్ వెతుక్కుంటూ వెళ్లి ఫోటోలు తీసుకుంటారు.

2023 జనవరిలో మూతపడ్డ స్ప్లాష్ మౌంటెన్ కథ ఇంకోలా నడిచింది. అది ఆధారపడిన 1946 నాటి సినిమా నల్లజాతివాళ్లని చూపించిన తీరు మీద విమర్శలున్నాయి. అదే కాలువలో, అదే దూకుడుతో 2024 జూన్‌లో టియానా రైడ్ తెరిచారు. నీళ్లు ఉన్నాయి, కథ మారింది. కాబట్టి మూసిన ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టలేం.

మరి తీర్పు?

బావతో చివరికి ఒక చోట రాజీకొచ్చా. మార్పు రావాలి. మా మేనల్లుడి తరానికీ సొంత జ్ఞాపకాలు కావాలి. కానీ మూసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది ఎవరికి పనికొచ్చేది, వాళ్లకి బదులుగా ఏమిస్తున్నాం? ఉరుకుల రైడ్ పోయి ఇంకో ఉరుకుల రైడ్ వస్తే లెక్క సరిపోతుంది. నీడ పోతే నీడే రావాలి. కార్ల లోకంలో చెట్లు, నీటి ధారలు ఉంటాయని బొమ్మల్లో చూపించారు. ఉంటే సంతోషం. వాటి కింద బల్లలు కూడా వేస్తే ఇంకా సంతోషం.

ఇక్కడ నది పోయినా కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1955 నాటి నది, పడవ ఇంకా ఉన్నాయి. చూడాలనుంటే అక్కడికి వెళ్లొచ్చు.

ఆ సాయంత్రం పడవ దిగి నాన్నకి వీడియో కాల్ చేశా. నది పూడ్చేస్తున్నారని చెబితే ఓ క్షణం ఆగి నవ్వారు. “తవ్వినవాడు పూడుస్తున్నాడు. దానికేముంది లేరా” అన్నారు.

హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టబోతుంటే మళ్లీ ఆయనే అడిగారు.

“ఒరేయ్, ఆ కూత ఉంది చూడు... అది రికార్డ్ చేశావా?”

చేయలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, మేనల్లుణ్ణి భుజానికెత్తుకుని మళ్లీ పడవవైపు నడిచా.